చిన్నాకు, టోక్యో బయలుదేరే ముందు

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. "అక్కా, వీడు బొమ్మ కార్లు కొనుక్కోవడానికి జపాన్ వెళ్తాడట. నన్నూ రమ్మంటున్నాడు" అని నవ్వుతూ చెప్పింది. దాని నవ్వులో బెదురు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఎనిమిది రోజులు, మీ అమ్మ మోకాళ్లు, నీ టోమికా బొమ్మ కార్ల జాబితా. ఫోను పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. సొంత సంపాదనతో తల్లిని విమానం ఎక్కిస్తున్నావు. మీ తాతయ్య ఉంటే ఈపాటికి ఈ కబురు వీధి చివరి ఇస్త్రీ బండి దాకా చేరేది. నాకూ గర్వంగానే ఉంది. కానీ ఆ ఊళ్లో ఆరేళ్లు కాపురం చేసినదాన్ని, చెప్పకుండా ఉండలేను. సగం చదివి బొటనవేలి బొమ్మ పంపకు, చివరిదాకా చదువు.

ముందు చిన్న సంగతులు. దిగగానే ఇద్దరికీ రైలు చార్జీలకు వాడే సుయికా కార్డు చెరొకటి తీసుకో. సంతల్లో నోట్లే నడుస్తాయి, దగ్గర ఉంచుకో. పచ్చి కరివేపాకు, పండ్లు పెట్టెలో వద్దు, పత్రాలు లేనిదే అక్కడ దింపనివ్వరు. సూడోఎఫెడ్రిన్ ఎక్కువగా ఉన్న జలుబు మాత్రలు, ముక్కుతో పీల్చే కొన్ని రకాల మందు గొట్టాలు ఆ దేశంలో నిషిద్ధం. కాబట్టి మీ అమ్మ మందుల సంచి నువ్వే ఒకసారి తిరగేయి. అడిగితే "ఏమీ లేవురా" అంటుంది, నమ్మకు. చాలా పులుసుల్లో చేపతో కాచిన దాషి అనే రసం ఉంటుంది, మాంసం లేదన్నంత మాత్రాన శాకాహారం కాదు.

బొమ్మల దుకాణాల గురించి నాకన్నా నీకే ఎక్కువ తెలుసు. అయినా చెబుతాను. నకానో బ్రాడ్‌వేకు పొద్దున్నే పరుగెత్తకు, చాలా దుకాణాలు మధ్యాహ్నం పన్నెండుకు గానీ తెరవరు. 1966లో కట్టిన భవనం అది. 1980లో మాందరాకే అక్కడ పాత బొమ్మల కథల పుస్తకాల చిన్న కొట్టుగా మొదలై ఇప్పుడు చాలా అంతస్తులకు పాకింది. అకిహబరాలో అద్దాల అరలు అద్దెకిచ్చే కొట్లు ఉంటాయి. ఒక్కో అర ఒక్కొక్కరిది, ధర పెట్టేది వాళ్లే. ఒకే కారు పై అరలో మూడు వేల యెన్లు, కింది అరలో పన్నెండు వందలు ఉండడం నేను చూశాను. కింది అరలు చూడాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి, అందుకే చాలామంది చూడరు. చీటీ మీద "కెప్పిన్" అని ఉంటే ఏదో భాగం లేదని అర్థం. "జంకు" అని ఉంటే పనిచేస్తుందన్న పూచీ లేదని. బేరం మాత్రం ఆడకు. మీ పెదనాన్న ఒకసారి అడిగారు. కొట్టు కుర్రాడు తప్పు తనదే అన్నట్టు వంగి క్షమాపణ చెప్పాడు. ఈయన బదులుగా వంగారు, అతను మళ్లీ వంగాడు. అలా మూడు సార్లు వంగాక పూర్తి ధర ఇచ్చి బయటికి వచ్చాం.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

2004 నవంబరులో మీ తాతయ్య మా దగ్గరికి వచ్చారు. ఆయనకు డెబ్బై రెండేళ్లు. చలికి స్వెటరు వేసుకున్నారు గానీ పంచె మాత్రం వదలలేదు. ఆ రోజు కమకురా వెళ్లాం. 1252లో మొదలుపెట్టిన కంచు బుద్ధుడు, పదకొండు మీటర్లకు పైనే ఎత్తు. చుట్టూ ఉన్న మందిరం ఎప్పుడో కూలిపోయింది, మళ్లీ కట్టలేదు. నాన్న చాలాసేపు చూసి, "నీడ లేకుండా ఎన్ని వందల ఏళ్ల నుంచి కూర్చున్నాడే" అన్నారు. సాయంత్రం షింజుకు స్టేషనులో దిగాం. ఆయన అలసిపోయారు. నాకేమో నకానోలో ముందు వారం చూసి పెట్టుకున్న పోలీసు కారు మీద మనసు. టోమికా 1970లో మొదలైనప్పుడు వచ్చిన ఆరు కార్లలో ఒకటి గస్తీ కారు. నేను చూసింది అంత పాతది కాదు గానీ అడుగున "జపాన్" అని అచ్చు ఉన్నది. తాతయ్య రెండు రోజుల్లో తిరిగి వెళ్తారు, ఆయనతో నీకు పంపాలి. నీకప్పుడు ఐదేళ్లు.

పడమటి గేటు బయట ఒక స్తంభం పక్కన ఆయనను నిలబెట్టి, "ఇక్కడే ఉండండి నాన్నా, అరగంటలో వస్తాను" అన్నాను. రైలు ఐదు నిమిషాలే కదా అని లెక్క వేసుకున్నాను. కొట్టులో గడిచే సమయం లెక్కలో లేదు. కారు దొరికింది. పక్క అరలో ఇంకోటి కనబడింది. దానికి డబ్బా లేదు, లోపల ఉందేమో చూడమన్నాను. నువ్వూ ఇలాగే చేస్తావు, నాకు తెలుసు.

తిరిగి వచ్చి తొందరలో తూర్పు గేటు నుంచి బయటపడ్డాను. అప్పట్లో తూర్పు నుంచి పడమటికి స్టేషను కింద నేరుగా దారి లేదు, అది 2020లో తెరిచారు. అసలు నేనున్నది తూర్పు అన్న సంగతే నాకు తట్టలేదు. ఎక్కడ చూసినా అవే పలకలు, అవే స్తంభాలు. రోజుకు ముప్ఫై లక్షల మందికి పైగా నడిచే చోట ఒక స్తంభం గుర్తు పెట్టుకుంటాననుకున్నాను చూడు, అదీ నా తెలివి. నాన్న దగ్గర ఫోను లేదు. జేబులో మా చిరునామా లేదు. మధుమేహం మాత్రలు నా సంచిలో ఉన్నాయి. స్టేషను ఉద్యోగికి చెబితే పేరు ప్రకటించాడు. అతని ఉచ్చారణలో ఆ పేరు నాకే అర్థం కాలేదు, నాన్నకు ఏం తెలుస్తుంది? చివరికి ఏ బట్టలు వేసుకున్నారని అడిగాడు. తెల్ల బట్ట చుట్టుకున్న పెద్దాయన అన్నాను. అతను ఎక్కడికో ఫోను చేసి, నవ్వి, తానే వెంటబెట్టుకుని తీసుకెళ్లాడు.

నాన్న ఉంచిన చోటనే ఉన్నారు. రెండు గంటల ఇరవై నిమిషాలు. కూర్చోలేదు. "నేను కదిలితే నీకు కనబడనేమో అని ఒంటేలుకు కూడా వెళ్లలేదమ్మా" అన్నారు. ఒక్క మాట అనలేదు. ఇంటికి వెళ్లేదాకా నా భుజం మీద చెయ్యి వేసుకుని నడిచారు, అది ఆసరా కోసమో, మళ్లీ తప్పిపోతానని భయమో అడగలేదు. ఎవరికీ చెప్పవద్దని నేనే బతిమాలాను. ఆయన పోయేదాకా చెప్పలేదు.

కాబట్టి విను. అమ్మను ఎక్కడా నిలబెట్టి వెళ్లకు. ఐదు నిమిషాలకు కూడా వద్దు. ఆవిడ కదలదు, వాళ్ల నాన్న కూతురే. ఆవిడ ఫోనులో అక్కడి సిమ్ వేయించు, హోటలు చిరునామా జపనీసులో రాసిన కాగితం పర్సులో పెట్టు, మాత్రలు ఆవిడ దగ్గరే ఉండాలి. బొమ్మల కొట్లకు నువ్వొక్కడివే ఒక రోజు పెట్టుకో, ఆ రోజు ఆవిడ హోటలులో కాళ్లు చాపుకుని ఉంటుంది.

మిగిలిన రోజులు ఆవిడవి. తకసాకి తీసుకెళ్లు, దరుమా బొమ్మల ఊరు. దరుమా అంటే మన దక్షిణాది నుంచి వెళ్లాడని చెప్పుకునే బోధిధర్ముడే. మొక్కుకుని ఆ బొమ్మకు ఒక కన్ను దిద్దాలి, మొక్కు తీరాక రెండోది. నీ పెళ్లి కోసం ఒక కన్ను దిద్దుతుంది, దిద్దనివ్వు. క్యోటోలో ఉన్నది 21వ తేదీ అయితే తోజీ గుడి సంతకు పొద్దున్నే వెళ్లండి, మంచివి మధ్యాహ్నానికే అయిపోతాయి. నీ కోసమే ఊరు కావాలంటే తోచిగిలో ఒమోచా నో మాచి అని స్టేషనే ఉంది, అంటే బొమ్మల ఊరు. అక్కడ బొమ్మల కంపెనీ బండాయ్ వాళ్ల మ్యూజియం ఉంది. రోజుకు ఒక ఊరు చాలు.

నాకు ఏదైనా తెస్తానంటే, నరుకో కొకేషి ఒకటి. మన ఏటికొప్పాక బొమ్మలాగే తరిణె మీద తీసిన కర్ర బొమ్మ, తల తిప్పితే కీచుమంటుంది. అంతకుమించి ఏదీ వద్దు.

ఆ పోలీసు కారు ఏమైందంటావా? నువ్వు వారంలో ఒక చక్రం ఊడదీశావు. మూడు చక్రాలతో నా బీరువాలో ఉంది. అడిగినా ఇవ్వను.

విమానం దిగగానే ఫోను చెయ్యి. అక్కడ ఉదయం ఆరు అంటే ఇక్కడ రెండున్నర. నేను మేలుకునే ఉంటాను.

పెద్దమ్మ