ఎనిమిది రోజుల నార్వేలో ట్రోమ్సో, లోఫోటెన్ కూడా పెట్టుకోవచ్చా?

జూన్‌లో అమ్మానాన్నలతో ఎనిమిది రోజులకు వస్తున్నాం, ఓస్లో, బెర్గెన్, లోఫోటెన్, ట్రోమ్సో అన్నీ కవర్ అవుతాయా అని అడిగారు. అవుతాయి గానీ మీ సెలవులో సగం ఎయిర్‌పోర్టుల్లోనే గడిచిపోతుంది. ఈసారికి ఉత్తరాన ఉన్న లోఫోటెన్, ట్రోమ్సోల ఆలోచన మానేయండి.

నేను ఓస్లోలో ఉద్యోగం చేస్తున్నాను. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్లను తిప్పిన అనుభవంతోనే చెబుతున్నాను. మ్యాప్‌లో చిన్న దేశంలా కనిపిస్తుంది గానీ, ఓస్లో నుంచి ట్రోమ్సోకు రోడ్డు మీద 1600 కిలోమీటర్ల పైమాటే. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లినంత దూరం. పైగా నార్తర్న్ లైట్స్ కోసమే ట్రోమ్సో అనుకుంటే, జూన్‌లో అవి కనిపించవు. ఆ నెలంతా అక్కడ సూర్యుడు అస్తమించడు.

మీకు కావాల్సింది ఫ్యోర్డులు (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు), కొండలే కదా. అవి ఓస్లోకు, బెర్గెన్‌కు మధ్యలోనే ఉన్నాయి, కారు అవసరం లేదు. ఓస్లోలో ఒకటి రెండు రోజులు ఉండి బెర్గెన్ రైలెక్కండి. మొత్తం ప్రయాణం ఏడు గంటల వరకు పడుతుంది. దారిలో ఫిన్సే స్టేషన్ 1222 మీటర్ల ఎత్తున ఉంటుంది, జూన్‌లో కూడా పక్కన మంచు కనిపిస్తుంది. బెర్గెన్ దాకా ఒకేసారి వెళ్లిపోకుండా మిర్డాల్‌లో దిగి ఫ్లోమ్ రైలు ఎక్కండి. ఇరవై కిలోమీటర్ల దూరంలోనే 860 మీటర్లకు పైగా కిందికి దిగి, ఫ్యోర్డ్ ఒడ్డునే ఉన్న ఫ్లోమ్ అనే ఊళ్లో ఆగుతుంది. మధ్యలో ష్యోస్‌ఫొస్సెన్ జలపాతం దగ్గర కొన్ని నిమిషాలు ఆపుతారు. ప్లాట్‌ఫామ్ మీదికే తుంపర్లు వచ్చి పడతాయి. వేసవిలో ఆ రాళ్ల మధ్య ఎర్ర చీరలాంటి బట్టల్లో ఒకావిడ పాటకు నాట్యం చేస్తుంది. మా అమ్మ తడిసిపోతున్నా లోపలికి రానంది.

చాలామంది ఫ్లోమ్‌ను ఒక్కరోజులో ముగించి సాయంత్రానికి బెర్గెన్ చేరిపోతారు. మీరు మాత్రం తప్పకుండా రెండు రాత్రులు, కుదిరితే మూడు, అక్కడో పక్కనే ఉన్న ఔర్లాండ్‌లోనో ఉండండి. పగలంతా క్రూయిజ్ షిప్పుల జనంతో కిటకిటలాడే ఊరు, వాళ్లు వెళ్లిపోగానే ఖాళీ అవుతుంది. రాత్రి పదింటికీ వెలుతురు ఉంటుంది, పెద్దవాళ్లు నీళ్ల పక్కన తీరిగ్గా నడవొచ్చు. మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, అందుకే ట్రోల్‌టుంగా లాంటి ట్రెక్‌ల జోలికి వెళ్లలేదు. అది రానూపోనూ పాతిక కిలోమీటర్ల పైనే, మీరూ వద్దు. బదులుగా ఫ్లోమ్ నుంచి బస్సులో స్టేగస్టైన్ వ్యూపాయింట్‌కు వెళ్లండి. ఫ్యోర్డ్‌కు 650 మీటర్ల ఎత్తున, కొండ అంచు నుంచి గాల్లోకి కట్టిన చెక్క వంతెన అది. చివర అద్దం ఒక్కటే అడ్డు. బస్సు దిగి నాలుగడుగులు వేస్తే చాలు.

ఫ్లోమ్ నుంచి గుద్వాంగెన్‌కు బోటు రెండు గంటలు. అది వెళ్లే నేరోయ్‌ఫ్యోర్డ్ 2005లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఒకచోట వెడల్పు 250 మీటర్లే, రెండు వైపులా నిలువు కొండలు. ఇక్కడ బ్యాటరీతో నడిచే బోటు ఉంది. ఇంజిన్ మోత ఉండదు కాబట్టి జలపాతాల చప్పుడు చక్కగా వినిపిస్తుంది. డెక్ మీద చలిగాలి గట్టిగా కొడుతుంది, పెద్దవాళ్లకు మంకీ క్యాప్ తప్పనిసరి. గుద్వాంగెన్ నుంచి బస్సులో వోస్‌కు, అక్కడి నుంచి రైల్లో బెర్గెన్‌కు వెళ్లండి. బెర్గెన్‌లో ఏడాదిలో రెండు వందల రోజులకు పైగా వానే. గాలికి గొడుగు నిలవదు, రెయిన్‌కోటు తెచ్చుకోండి.

తిండి ఖర్చు గురించి టెన్షన్ పడుతున్నారు కదా, అది నిజమే, హోటల్ భోజనం చాలా ఖరీదు. కిచెన్ ఉన్న రూమ్ తీసుకోండి. బియ్యం, పెరుగు, కూరగాయలు రేమా 1000, కివి లాంటి షాపుల్లో దొరుకుతాయి, కాకపోతే ఆదివారం చాలావరకు మూసేస్తారు, శనివారమే కొని పెట్టుకోండి. పచ్చళ్లు, పొడులు తెచ్చుకోండి గానీ నెయ్యి, పాలకోవా, నాన్‌వెజ్ పచ్చళ్లు పెట్టొద్దు. యూరప్ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడానికి ఇక్కడ ఒప్పుకోరు.

నార్వేతో పాటు చాలా యూరప్ దేశాలకు చెల్లే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. వేసవిలో స్లాట్లు త్వరగా నిండిపోతాయి, ఆలస్యం చేయొద్దు. రూమ్ బుకింగ్‌లో మొదట ఫ్లోమ్ చూడండి, చిన్న ఊరు కాబట్టి గదులు తక్కువ. అక్కడ దొరికిన తేదీలను బట్టి మిగతావి సర్దుకోండి. రైలు టికెట్లు కూడా ముందే కొంటే బాగా తగ్గుతాయి.