నాన్న ఏం చేస్తారని అడిగితే

చిట్టితల్లికి,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు బ్యాంకు మెయిన్స్ పరీక్ష గట్టెక్కావని, ప్రొబేషనరీ ఆఫీసరు ఇంటర్వ్యూకి పిలుపొచ్చిందని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. వాడి గొంతులో అంత సంతోషం విని ఎన్నేళ్లయిందో. ఫోన్ పెట్టేసి దేవుడి గదిలో దీపం వెలిగించాను. ఈ వేళప్పుడు దీపమేమిటని మీ మామయ్య అడిగితే జవాబు చెప్పలేక ఏడ్చేశాను.

అదే ఫోన్లో వాడు ఇంకో మాట కూడా అన్నాడు. కోచింగ్ సెంటర్లో మాక్ ఇంటర్వ్యూ పెట్టారట. నాన్న ఏం చేస్తారని అడిగితే ‘టెక్స్‌టైల్ బిజినెస్’ అనమన్నారట, నువ్వు అలాగే అన్నావట. వాడు నవ్వుతూనే చెప్పాడు. “మగ్గం సంగతి వాళ్లకేం తెలుస్తుందిలే అక్కా” అన్నాడు. నాకు మాత్రం తెల్లవార్లూ కంటి మీద కునుకు లేదు. ఫోన్లో చెప్పబోతే మధ్యలో గొంతు పూడుకుపోతుంది, అందుకే రాస్తున్నాను.

ముందు చిన్న సంగతులు. ఒరిజినల్స్‌తో పాటు జిరాక్సులు రెండు సెట్లు పెట్టుకో. ఓబీసీ సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండాలి, తేదీ చూసుకో. ముందురోజుకే హైదరాబాదు చేరిపో. పొద్దున్నే రెండు ఇడ్లీలైనా తిను, ఖాళీ కడుపుతో వెళ్తే చేతులు వణుకుతాయి. రెపో రేటు, అదే రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ, ఎంతుందో రాత్రి పడుకునే ముందు మరోసారి చూసుకో. ఇవి నీకు తెలిసినవే.

ఇప్పుడు నేను చేసిన పని చెప్తాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మీ నాన్నకి కూడా.

1986లో నాకు మొదటిసారి బ్యాంకు ఇంటర్వ్యూ వచ్చింది. మన వీధిలో ఆడపిల్లకి అలాంటి పిలుపు రావడం అదే మొదలు. కట్టుకెళ్లడానికి మంచి చీర లేదు. మీ తాతయ్య, నూలిచ్చి కూలికి నేయించుకునే షావుకారు పడుగు దించాక తర్వాతి పడుగు ఎక్కించలేదు. సొంతంగా 80 నంబరు నూలు కొనుక్కొచ్చి, ముదురాకుపచ్చ రంగులో నిజాం అంచు చీర నేశారు. మీ నాయనమ్మ కండెలు చుట్టింది. మీ నాన్న అప్పుడు తొమ్మిదో తరగతి, వీధిలో పడుగు సాగదీసి గంజి పెడుతుంటే కొస పట్టుకుని నిలబడ్డాడు. ఆ వారం ఇంట్లోకి మజూరీ రాలేదు. నన్ను రైలెక్కించడమే కాదు, తాతయ్య నాతోపాటు హైదరాబాదు కూడా వచ్చారు. లోపలికి రానివ్వరని టిఫిన్ క్యారియరు పట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు.

బోర్డులో ఐదుగురున్నారు. మధ్యలో కూర్చున్న పెద్దాయన తలెత్తి చూస్తూనే, “చీర చాలా బాగుంది. మంగళగిరిదేనా?” అన్నారు. అవునన్నాను. “మీదీ ఆ ఊరేగా, ఇంట్లో మగ్గం ఉందా?” అని అడిగారు.

“లేదు సార్. షాపులో కొన్నాం. మా నాన్నగారిది బట్టల వ్యాపారం” అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. వెయిటింగ్ హాల్లో నా పక్కన కూర్చున్న వాళ్లలో ఒకరి నాన్న లెక్చరరు, ఇంకొకరి నాన్న ఇంజనీరు. గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చునే మనిషి కూతుర్నని చెప్పడానికి నోరు రాలేదు.

ఆయన వదల్లేదు. హోల్‌సేలా, రిటైలా? సరుకు ఎక్కడి నుంచి తెస్తారు? బ్యాంకులో అప్పు లిమిట్ ఉందా? ఒక్కదానికీ తిన్నగా చెప్పలేకపోయాను. నేను తడబడటం చూసి ఆయనే జాలిపడి తేలిక ప్రశ్న వేశారు: “పోనీ, నేతగాళ్లకి బ్యాంకు డబ్బు ఎలా చేరుతుందో చెప్పమ్మా.” అది నాకు కంఠతా వచ్చు తల్లీ. పల్లెల్లో సాగుకీ చేతిపనులకీ రుణాలు అందేలా చూసే నాబార్డు బ్యాంకు ఏర్పడి అప్పటికి నాలుగేళ్లు. ఆ డబ్బు సహకార బ్యాంకుల మీదుగా సొసైటీకి ఎలా వస్తుందో, సొసైటీ నూలు ఎలా ఇస్తుందో, సొసైటీల బట్ట కొని అమ్మే ఆప్కో నుంచి డబ్బు రావడం ఆలస్యమైతే మజూరీ ఎలా ఆగిపోతుందో తాతయ్య అన్నం తింటూ చెప్తుంటే వింటూ పెరిగాను. కానీ ఇంట్లో మగ్గమే లేదన్నదాన్ని, అదంతా ఎలా చెప్పను? “తెలియదు సార్” అన్నాను.

బయటికొస్తే తాతయ్య గబగబా లేచొచ్చారు. “చీర చూశారా?” అని అడిగారు. చూశారన్నాను. “ఎవరు నేశారని అడిగారా?” “అడిగారు నాన్నా.” “చెప్పావా?”

చెప్పానన్నాను.

వీధంతా చెప్పుకున్నారు ఆయన. ఆ ఉద్యోగం రాలేదని తెలిసినా, పెద్ద ఆఫీసర్లు నా నేత మెచ్చుకున్నారని పోయేదాకా చెప్పుకుంటూనే ఉన్నారు. రెండేళ్లకి నాకు వేరే బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. ఆ రోజు లోపల నేనాడిన అబద్ధం సంగతి మాత్రం ఆయనకి చెప్పలేకపోయాను.

కాబట్టి ‘టెక్స్‌టైల్ బిజినెస్’ అన్న మాట ఇంకోసారి నీ నోట విన్నానంటే ఊరుకోను. నీ నాన్న నేత కార్మికుడు. ఆ మాట అలాగే చెప్పు, గొంతు తగ్గించకుండా చెప్పు. తర్వాత నేనూ బోర్డుల్లో కూర్చున్నాను. ఇంటి సంగతి అడిగేది పరువు తూచడానికి కాదు. బెదిరిన పిల్లకి తెలిసిన చోటు నుంచి మాట మొదలవ్వాలని అడుగుతాం. చిన్న వృత్తుల వాళ్లకిచ్చే శిశు ముద్రా రుణం 50,000 రూపాయల దాకా అని అందరూ అప్పజెప్తారు. మీ నాన్న అది తీసుకుని నూలు కొన్నప్పుడు కాగితాలు నింపింది నువ్వే. షావుకారు దగ్గర నూలు తెచ్చుకోవడానికీ, బ్యాంకు డబ్బుతో సొంత నూలు కొనుక్కోవడానికీ ఇంట్లో ఎంత తేడా వచ్చిందో నీకన్నా బాగా చెప్పగలిగిన వాళ్లు ఆ రోజు ఆ హాల్లో ఎంతమంది ఉంటారు?

ఇంజనీరింగ్ చదివి బ్యాంకుకెందుకని తప్పకుండా అడుగుతారు. దానికి జవాబు కూడా అక్కడే ఉంది, వేరే వెతుక్కోకు. రెండేళ్లు ఖాళీగా ఉన్నావేమని అడిగితే, మొదటిసారి మెయిన్స్ పోయిందనీ, పొద్దున చదువుకుని సాయంత్రం పిల్లలకి ట్యూషన్ చెప్పాననీ చెప్పు. అందులో దాచాల్సిందేముంది? ఎక్కడ పోస్టింగిచ్చినా వెళ్తావా అంటే మాత్రం అక్కడికక్కడ ఆలోచించకు. ఇప్పుడే మీ అమ్మతో కూర్చుని తేల్చుకో. వెళ్తానన్నాక మొహంలో సందేహం కనిపిస్తే మాకు తెలిసిపోతుంది.

ఎవరో ఒకరు నీ జవాబు తప్పని గట్టిగా అంటారు. ఒక్కోసారి జవాబు ఒప్పే అయినా అంటాం. కస్టమర్ కౌంటర్ మీద గుద్ది అరిస్తే నువ్వెలా ఉంటావో చూడాలి కదా. కిస్తీ 90 రోజులు దాటితే మొండిబాకీ అన్నావనుకో, కాదంటే వెంటనే మార్చకు. “నేను చదివింది ఇదే సార్. పంట రుణాలకి మాత్రం పంట కాలాలని బట్టి లెక్క” అని నెమ్మదిగా చెప్పు. నిజంగా తెలియనిది తెలియదను, మార్కులు పోతే పోనీ. చివరి లెక్కలో నూటికి మెయిన్స్‌కి 80, ఇంటర్వ్యూకి 20 పాళ్లు. ఒక్క ప్రశ్నతో మునిగిపోయేదేమీ లేదు.

గుండె దడదడలాడితే పాదాలు రెండూ నేలకి గట్టిగా ఆనించి, ఊపిరి నిదానంగా వదులు. గొంతు ఎండితే నీళ్లు అడిగి తాగు, ఎవరూ ఏమీ అనుకోరు. నా ముందు వణికిపోయిన పిల్లలు ఎంతమందో. వణుకుతున్నారని ఒక్కరికీ మార్కు తగ్గించలేదు.

మీ నాన్నని వెంట తీసుకెళ్లు. వద్దంటాడు, పని పోతుందంటాడు, వినకు.

ఆ ఆకుపచ్చ చీర ఆ రోజు తర్వాత నేను మళ్లీ కట్టలేదు. శుక్రవారం మీ మామయ్య అటు వస్తుంటే ఇచ్చి పంపుతున్నాను. నువ్వు చుడీదారే వేసుకుంటానంటే వేసుకో, నా బలవంతం లేదు. మడత దగ్గర రెండు మూడు పోగులు తెగాయి. ఎవరు నేసిందో చెప్పి మీ నాన్నకి చూపించు, సరిచేస్తాడు.

మీ అత్తయ్య