అదుపు తప్పిన పూలపొదల గురించి

చిరంజీవి అమ్మాయికి,

మందారం కిటికీని కమ్మేసిందనీ, కాగితప్పూల తీగ నడిచే దారి మీదికి వాలి బట్టలు చింపుతోందనీ, గంధరాజం రెండేళ్లుగా మొగ్గే తొడగడం లేదనీ రాశావు. మూడింటినీ ఒకే రోజున, ఒకే ఎత్తుకు, గోడ కట్టినట్టు చదునుగా కోయించానని కూడా రాశావు. చిక్కంతా అక్కడే ఉందమ్మా.

కొమ్మ కొసన ఉండే చిగురులో ఆక్సిన్ అనే హార్మోను తయారవుతుంది. అది కిందికి దిగుతూ కింది కణుపుల్లోని కళ్లను, అంటే చిగురు పుట్టే చిన్న ఉబ్బుల్ని, లేవనివ్వకుండా అణచి ఉంచుతుంది. కొస తెగితే ఆ పట్టు సడలి, కోతకు కాస్త కిందున్న రెండు మూడు కళ్లు ఒక్కసారే చిగురిస్తాయి. పైన వంద చోట్ల కోసినచోట రెండు మూడు వందల చివుళ్లు వస్తాయి, అవీ పైనే. కొన్నాళ్లకు పైన దట్టమైన గొడుగు, లోపల వెలుతురు సోకక ఆకు రాలిన బోసి కట్టెలు మిగులుతాయి. మళ్లీ అదే ఎత్తుకు కోస్తే ఆ గొడుగు ఇంకా చిక్కబడుతుంది. పొదను చిన్నది చేయాలంటే పైన చదును చేయడం మాని, మొదలు దగ్గర కూర్చోవాలి.

అంతకంటే ముందు ఆ మొక్క ఏ కొమ్మ మీద పూస్తుందో తెలుసుకో. మందారం, కాగితప్పూలు, గన్నేరు, మల్లె, రాధామనోహరం కొత్తగా వచ్చిన చిగురు మీద పూస్తాయి. వీటిని పూత కాలానికి ముందు కోస్తే కొత్త చివుళ్లు ఎక్కువై పూలూ ఎక్కువవుతాయి. గంధరాజం అలా కాదు. ఈసారి పూత అయ్యాక వచ్చిన కొమ్మే ముదిరి, వచ్చే పూతకు మొగ్గలు కడుతుంది. పూత ముందు దాన్ని కోస్తే ఆ ఏటి మొగ్గలన్నీ నీ కత్తెరకే పోతాయి. నీ గంధరాజానికి జరిగింది ఇదేనని నాకు అనిపిస్తోంది. దాని పూలు రాలిన రెండు మూడు వారాల్లోపే కత్తిరింపు ముగించాలి, ఆ తర్వాత ముట్టుకోకూడదు. మొగ్గలు వచ్చి విచ్చకుండానే రాలిపోతుంటే మాత్రం తప్పు కత్తెరది కాదు, నీళ్లది. పాదు ఒకసారి ఎండి ఒకసారి ముంపైతే గంధరాజం మొగ్గలు వదిలేస్తుంది. కొత్త ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదని అర్థం. ఈ మొక్కకు పులుపు నేల కావాలి, నేల పులుపును కొలిచే పీహెచ్ 5 నుంచి 6 మధ్య ఉంటే సుఖంగా ఉంటుంది.

ఇక కోత సంగతి. ముందు ఎండినవి, తెగులు పట్టినవి, విరిగినవి, ఒకదానికొకటి రాసుకునేవి తీసెయ్. అంతటితోనే పొద సగం తేలికపడుతుంది. తర్వాత మొదట్లో అన్నిటికంటే ముదురు, లావు కొమ్మలు ఎంచుకుని వాటిలో మూడో వంతు నేలకు బెత్తెడు ఎత్తులో తీసెయ్. మిగతావి ఈ ఏడు వదిలేసి, వచ్చే ఏడు ఇంకో మూడో వంతు, ఆ పై ఏడు చివరిది. మూడేళ్లలో పొద మొత్తం కొత్త కొమ్మలదవుతుంది, పూత ఒక్క ఏడు కూడా తప్పదు. ఒకేసారి అంతా నరికితే ఆకు లేక మొక్క నీరసిస్తుంది. మండుటెండల్లో అయితే ఇన్నాళ్లూ నీడలో ఉన్న బెరడు కాలి పగులుతుంది కూడా.

పొడవు తగ్గించాల్సిన కొమ్మను ఎక్కడో అక్కడ కోయకు. వేలితో తడుముతూ వెళితే ఆకు రాలిన మచ్చ, దాని పైన ఆవగింజంత ఉబ్బు తగులుతుంది. అదే కన్ను. బయటి వైపు చూసే కన్ను ఎంచుకుని, దానికి పావు అంగుళం పైన, కన్ను ఉన్న వైపు ఎత్తుగా, అవతలి వైపు పల్లంగా వచ్చేలా ఏటవాలుగా కోయి. మరీ దగ్గరగా కోస్తే కన్ను ఎండిపోతుంది. అంగుళం పైన కోస్తే ఆ మోడు ఎండి, కుళ్లు కిందికి దిగుతుంది. లోపలి వైపు కన్ను దగ్గర కోశావంటే కొమ్మ మళ్లీ గుబురులోకే దూరుతుంది.

పెన్సిలు లావు కొమ్మకు సికేచర్, అంటే ఒంటిచేత్తో పట్టే కొమ్మల కత్తెర, చాలు, బొటనవేలు లావుకు పొడుగు పిడుల కత్తెర, అంతకు మించితే రంపం. మొండి కత్తెర కోయదు, నలుపుతుంది. నలిగిన చోటే తెగులు చేరుతుంది. తెగులున్న మొక్క నుంచి ఇంకో మొక్కకు వెళ్లేటప్పుడు స్పిరిట్ గుడ్డతో పదును తుడువు. ముసురు పట్టిన రోజుల్లో కోత పెట్టుకోకు, తడి గాయంలోకి బూజు సులువుగా దిగుతుంది.

కాగితప్పూల మొక్కది వేరే స్వభావం. ఆకు మొదట్లో ముల్లూ, పూలకొమ్మా ఒకే చోటు నుంచి పుడతాయి. నీళ్లూ నత్రజనీ మెండుగా దొరికితే అక్కడ ముల్లు వచ్చి కొమ్మ బెత్తంలా సాగుతుంది. కాస్త ఎండగట్టితే అదే చోట పూగుత్తి వస్తుంది. రోజూ నీళ్లు పోస్తున్నావు గనక నీకు ముళ్లే దక్కుతున్నాయి. రెండంగుళాల లోతున మట్టి పొడిగా తగిలాకే నీళ్లు పెట్టు. ఎండ కనీసం ఐదారు గంటలు పడాలి. పూసిన గుత్తులు వెలిసిపోగానే ఆ రెమ్మల్ని సగానికి తగ్గించు, బారుగా సాగిన బెత్తాల్ని రెండు మూడు కణుపులు ఉంచి కోసెయ్. మందపాటి చేతొడుగులు మరవకు.

మందారాన్ని బాగా తగ్గిస్తే మళ్లీ పూయడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందుకే ఈ నెల కొన్ని కొమ్మలు, వచ్చే నెల కొన్ని తగ్గించు, ఎప్పుడూ ఏవో కొన్ని పూస్తూ ఉంటాయి. కోత తర్వాత వచ్చే లేత చిగురుకు పిండినల్లి, అదే తెల్లని పిండిలా అంటుకునే పురుగు, ఎగబడుతుంది. చీమలు బారులు కడుతున్నాయంటే అది వచ్చినట్టే, దాని తీపి జిగట కోసం చీమలే దాన్ని కాపాడతాయి. తక్కువగా ఉంటే గట్టి నీటిధారతో కడిగెయ్. ఎక్కువైతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొన్ని చుక్కల ద్రవ సబ్బు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టు, వారానికొకసారి మూడు సార్లు. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

ఎరువు కోసిన రోజే వేయకు, చివుళ్లు కనిపించాక వెయ్యి. బాగా మాగిన పశువుల ఎరువు మొదలుకు ఆనకుండా, కొమ్మల నీడ అంచున చుట్టూ వేసి మట్టి కప్పు. పీల్చుకునే వేళ్లు అక్కడే ఉంటాయి. యూరియా చల్లావంటే ఆకులే ఆకులు. మందారానికి భాస్వరం ఎరువు కూడా అతిగా వద్దు. అది ఎక్కువైతే ఇనుము అందకుండా పోతుంది.

గోడ పక్కన గన్నేరు ఉందన్నావు కదా, దానితో జాగ్రత్తమ్మా. ఆకు, పువ్వు, బెరడు, కాయ అన్నీ విషమే. కోసిన కొమ్మల్ని కాల్చకు, పొగ కూడా ప్రమాదమే. పశువులకూ పిల్లలకూ అందేచోట పడేయకు. పని అయ్యాక చేతులూ కత్తెరా సబ్బుతో కడుగు. దాని మొదట్లో వచ్చే పిలకల్ని కోస్తే అక్కడి నుంచే మళ్లీ లేస్తాయి, లేతగా ఉండగానే పట్టి కిందికి పీకెయ్.

ఈ ఏడు గంధరాజం జోలికి పోకు. మందారంతో మొదలుపెట్టు. కత్తెర పట్టే ముందు ఆకులు మెల్లగా పక్కకు జరిపి లోపల పిట్టగూడు ఉందేమో చూడు. ఉంటే పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరిపోయే దాకా ఆ పొదను అలాగే ఉండనీ.

ఆశీస్సులతో,
పెద్దమ్మ