తొట్టి తోడుకునేదాకా ఆగండి

ప్రశ్న: మా పాప పుట్టినరోజుకు రెండడుగుల ఫిష్ ట్యాంక్ కొన్నాం. ఆరు గోల్డ్‌ఫిష్‌లు, రంగు రాళ్లు, లోపల పెట్టే చిన్న ఫిల్టర్ అన్నీ ఒకే షాపులో తీసుకుని అదే రోజు సాయంత్రం చేపలు వేసేశాం. మూడో రోజుకు నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. షాపాయనకు ఫోన్ చేస్తే నీళ్లన్నీ పారబోసి, రాళ్లు, ఫిల్టర్ శుభ్రంగా కడిగి, కొత్త నీళ్లు పోసి నీలం మందు వేయమన్నాడు. రెండుసార్లు అలాగే చేశాం. ఇప్పటికి పది రోజులైంది, మూడు చేపలు పోయాయి, మిగిలిన మూడూ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మా నీళ్లు పడట్లేదా? మినరల్ వాటర్ పోయమంటారా? పాప రోజూ ఏడుస్తోంది. – ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ముందు ఇవాళ చేయాల్సిన పని. ట్యాంకులో సగం నీళ్లు తీసేయండి, సగమే. ఒకరోజు ముందే బకెట్లో పట్టి మూత పెట్టకుండా ఉంచిన నీళ్లు, లేదంటే యాంటీ క్లోరిన్ చుక్కలు వేసిన నల్లా నీళ్లు మెల్లగా పోయండి. ఈరోజు, రేపు మేత వద్దు. రెండు రోజులు తినకపోతే గోల్డ్‌ఫిష్‌కు ఏమీ కాదు, పాపకు మాత్రం మీరే నచ్చజెప్పాలి. నీలం మందు ఆపేయండి. ఫిల్టర్ జోలికి అస్సలు పోకండి.

మీ నీళ్లలో దోషమేమీ లేదండీ. మీరు చేయాల్సి ఉండీ చేయని పని ఒకటుంది, ఎవరో చెబితే చేసిన తప్పు ఇంకొకటుంది. చేయనిది, తొట్టి తయారయ్యేదాకా ఆగడం. చేప మొప్పల నుంచి రాత్రింబవళ్లు అమోనియా బయటికి వస్తూనే ఉంటుంది, తినకుండా అడుగున పడ్డ మేత కుళ్లినా అదే వస్తుంది. అది కంటికి కనిపించదు, నీళ్లు అద్దంలా ఉన్నప్పుడు కూడా మొప్పల్ని కాల్చేస్తుంది. దాన్ని తినే బ్యాక్టీరియా ఒకటుంది, అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, అది రక్తంలో కలిసి రక్తాన్ని గోధుమరంగులోకి తిప్పేస్తుంది, ఇక ఆ రక్తం ఆక్సిజన్ మోయలేదు, అందుకే గాలి మోటారు నడుస్తున్నా చేప పైకొచ్చి ఆయాసపడుతుంది. రెండో రకం బ్యాక్టీరియా వచ్చి ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తే తప్ప గండం గడవదు. నైట్రేట్ మామూలు మోతాదులో పెద్దగా హాని చేయదు, వారానికోసారి కొంచెం నీళ్లు మారిస్తే చాలు.

ఈ రెండు రకాల బ్యాక్టీరియా చాలినంత పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, దీన్నే సైక్లింగ్ అంటారు. నేను మొదటిసారి ఈ మాట విన్నప్పుడు చేపలకూ సైకిలుకూ సంబంధమేంటని అడిగి నవ్వులపాలయ్యాను. మన భాషలో తోడుకోవడం అంటే సరిపోతుంది. పాలు తోడేసి అరగంటకోసారి గిన్నె కదిపి చూస్తే పెరుగు అవుతుందా? మీరు రెండుసార్లు గిన్నెనే తోమేశారు. ఎందుకంటే ఆ బ్యాక్టీరియా ఉండేది నీళ్లలో కాదు, ఫిల్టర్ స్పాంజిలో, రాళ్ల మీద, గాజు గోడలకు. నీళ్లు ఎంత మార్చినా అది పోదు, స్పాంజిని నల్లా కింద కడిగితే క్లోరిన్‌కు పోతుంది. నీలం మందు కూడా దాన్ని చంపేదే. మూడో రోజు వచ్చిన ఆ తెలుపు వేరే రకం బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరగడం వల్ల వచ్చింది, ముట్టుకోకపోతే నాలుగైదు రోజుల్లో దానంతటదే పోయేది.

కాజీపేటలో ఉన్నప్పుడు నేనూ ఇదే పని చేశాను. అప్పటికి రెండు నెలలుగా బాగా నడుస్తున్న ట్యాంకు. ఒక ఆదివారం ఉత్సాహంగా స్పాంజి తీసి నల్లా కింద తెల్లగా వచ్చేదాకా పిండాను, గోధుమరంగు మురికి పోతుంటే ఎంత తృప్తిగా ఉండిందో. గురువారానికి రెండు ఏంజెల్ చేపలు పక్కకు ఒరిగి ఉన్నాయి. ఆ మురికిలోనే అంతా ఉందని తర్వాత తెలిసింది. స్పాంజి మరీ మూసుకుపోయి నీళ్లు సన్నగా వస్తుంటే, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండి పెట్టేయండి, చాలు.

ఇక ఈ నెలరోజులు ఎలా గడపాలంటే, అమోనియా, నైట్రైట్ చూసే చుక్కల టెస్ట్ కిట్ కొనండి, రంగు రాళ్లకు పెట్టిన డబ్బుకంటే ఇది ముఖ్యం. గాజు గొట్టంలో గీత దాకా ట్యాంకు నీళ్లు తీసుకుని, కిట్ మీద రాసినన్ని చుక్కలేసి, ఊపి, చెప్పినంతసేపు ఆగి, రంగును కార్డుతో పోల్చి చూడాలి. ట్యూబ్‌లైటు కింద కాకుండా పగలు కిటికీ దగ్గర తెల్లకాగితం పెట్టి చూడండి, లేకపోతే పసుపేదో లేత ఆకుపచ్చేదో తేలదు. ఈ పని పాపకు అప్పగించండి, ఏడుపు మానేస్తుంది. అమోనియా గానీ నైట్రైట్ గానీ 0.5 పీపీఎం (అంటే లీటరుకు అర మిల్లీగ్రాము) దాటితే ఆరోజే సగం నీళ్లు మార్చాలి, 0.25 దగ్గరుంటే పావు వంతు. కిట్ వచ్చేదాకా రోజూ పావు వంతు మార్చండి. మీది బోరు నీళ్లయితే క్లోరిన్ బాధ లేదు, కానీ మన దగ్గర బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పదనంతో గట్టిగా (అంటే ఖనిజాలు ఎక్కువగా) ఉంటాయి, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) ఎక్కువ. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు పది రెట్లవుతుంది, కాబట్టి కిట్‌లో తక్కువ చూపించినా తేలిగ్గా తీసుకోకండి. అలాగని మినరల్ వాటర్ వద్దు, గోల్డ్‌ఫిష్‌కు గట్టి నీళ్లు బాగానే పడతాయి, ఆ బ్యాక్టీరియాకూ నీళ్లలో ఖనిజాలు కావాలి.

నైట్రైట్ కనిపించడం మొదలైతే లీటరుకు ఒక గ్రాము లెక్కన దొడ్డుప్పు ఒక చెంబు నీళ్లలో కరిగించి పోయండి, మీ ట్యాంకు మహా అయితే 50 లీటర్లు పడుతుంది కాబట్టి 50 గ్రాములు. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోంచి లోపలికి పోనివ్వదు. నీళ్లు మార్చినప్పుడు, తీసేసిన నీళ్లకు సరిపడా ఉప్పే మళ్లీ వేయాలి.

తెలిసినవాళ్ల ఇంట్లో ఏడాదిగా నడుస్తున్న, రోగాల్లేని ట్యాంకు ఉంటే వాళ్ల పాత స్పాంజి ముక్క అడిగి తెచ్చి మీ ఫిల్టర్‌లో దూర్చండి. తోడు అంటే అదే. తడి ఆరకుండా ఆ నీళ్లలోనే వేసి గంటలోపు తెచ్చుకుంటే నెల పని పది రోజుల్లో అయినా ఆశ్చర్యం లేదు. మనీ ప్లాంట్ తీగ వేళ్లు మాత్రం నీళ్లలో మునిగేలా పెట్టినా కొంత అమోనియా లాగుతుంది.

అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ మాత్రం కనిపిస్తూ వారం పాటు అలాగే ఉంటే తొట్టి తోడుకున్నట్టు. అప్పుడైనా పోయిన మూడింటి బదులు కొత్తవి తేకండి. అడిగితే ఏ షాపువాళ్లూ చెప్పరు గానీ, 50 లీటర్లకు ఉన్న మూడే ఎక్కువ, గోల్డ్‌ఫిష్ బాగా పెరిగే చేప, మున్ముందు పెద్ద ట్యాంకు కొనక తప్పదు.

ప్రశ్న: సీసాలో బ్యాక్టీరియా అమ్ముతున్నారు కదా, అది పోసి అదే రోజు చేపలు వేయొచ్చా? – కరీంనగర్ నుంచి ఒక విద్యార్థిని

జవాబు: కొన్ని పనిచేస్తాయమ్మా, కానీ నమ్మి కూర్చోకు. మనకు కావాల్సిన బ్యాక్టీరియా గింజలాగా నిద్రపోయి ఉండే రకం కాదు, ఆహారం, ఆక్సిజన్ లేకుండా మే నెల ఎండలో షాపు అలమరలో నెలల తరబడి ఉంటే ఎంత మిగులుతుంది? కొన్ని సీసాల్లో ఉండేది వేరే బ్యాక్టీరియా, అది మురికిని కరిగిస్తుందే తప్ప అమోనియాను తగ్గించదు. పోసినా సరే, కిట్ చూపించే అంకెనే నమ్ము, చేపలు ఒకటో రెండో మొదలుపెట్టు.

ప్రశ్న: రాత్రిపూట చప్పుడని, కరెంటు బిల్లని మావారు ఫిల్టర్ ఆపేస్తున్నారు. పర్వాలేదా? – ఒక గృహిణి, జగిత్యాల

జవాబు: వద్దండీ. స్పాంజిలోని బ్యాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి, నీళ్లు కదలకపోతే రోజూ రాత్రి దానికి ఊపిరాడదు. ఎండాకాలం ఇంకా కష్టం, 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలిస్తే 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే నిలుస్తుంది. బిల్లు సంగతంటారా, 5 వాట్ల మోటారు నెలంతా ఆపకుండా తిరిగినా 3.6 యూనిట్లే అవుతుంది, ఈ లెక్క మీవారికి చూపించండి. చప్పుడు సాధారణంగా మోటారు గాజుకు తగలడం వల్ల వస్తుంది, మధ్యలో చిన్న స్పాంజి ముక్క పెట్టి చూడండి.