శాలువా ఖర్చు ఎవరిదో ముందు అడుగు

చిట్టీ,

వచ్చే నెల హైదరాబాదులో నీకు గౌరవ డాక్టరేటు ఇస్తున్నారని, దానితోపాటు ఏదో బిరుదు కూడా ఉందని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. పోయిన వారం పత్రిక సినిమా పేజీలో వచ్చిన నీ ఫొటో కత్తిరించి దేవుడి గూట్లో పెట్టుకున్నాను. తెలుగు అక్షరం ముక్క రాని మా చెన్నై సాలిగ్రామం పాలవాడికి కూడా పిలిచి చూపించాను. అంత సంబరంలో ఉన్నదాన్ని, మీ అమ్మ "రిజిస్ట్రేషను కింద కొంచెం కట్టాలిట పెద్దమ్మా" అనగానే నీరుగారిపోయాను. ఆ కొంచెం ఎంతో నేను అడగలేదు. రాత్రంతా నిద్ర మాత్రం పట్టలేదు.

వేదిక ఎక్కడం గురించి నీకు నేను చెప్పేదేమీ లేదు. తినకుండా వెళ్లకు. చీరకు నాలుగు పిన్నులు ఎక్కువే పెట్టుకో. రెండు నిమిషాలకు మించి మాట్లాడకు. అంతే.

నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది. ఇంతవరకు మీ అమ్మకు కూడా చెప్పలేదు.

అది 1971. నాకు ఇరవై నాలుగేళ్లు. మద్రాసులో పాండీబజారు వెనక అద్దె ఇల్లు, చేతిలో రెండు సినిమాలు, రెండింటిలోనూ నాయిక స్నేహితురాలి వేషాలే. ఒకరోజు ఖద్దరు లాల్చీలు వేసుకున్న ఇద్దరు వచ్చారు. విజయవాడలో నాకు సన్మానం చేస్తారట, "నటనా సౌదామిని" అని బిరుదు ఇస్తారట. కాఫీ తాగాక, హాలు అద్దె, దండలు, కరపత్రాలు, పత్రికల వాళ్ల భోజనాలు "మన వైపు నుంచే" చూసుకోవాలన్నారు. ఆరు వేలు. నా దగ్గర ఆరు వందలు కూడా లేవు. మా అమ్మ, అంటే మీ ముత్తవ్వ, నాలుగు గాజులూ సబ్బు రాసి చేతి నుంచి లాగి ఇచ్చింది. వద్దని ఒక్క మాట అనలేదు. నేను బాగుపడతాననుకుంది పిచ్చిది. అవి సేటు కొట్లో తాకట్టుకు పోయాయి.

సన్మానం ఘనంగానే జరిగింది. శాలువా కప్పారు. తల మీద వెండి కిరీటం పెట్టారు. నేను నిజంగానే ఏడ్చాను తెలుసా! బసకు వచ్చాక హెయిర్ డ్రెస్సర్ అక్క నా తలలో పిన్నులు తీస్తూ, శాలువా అంచు తిరగేసి చూసి, దానికి అంటుకుని ఉన్న ధర చీటీని గోటితో మెల్లగా గీకింది. ముప్పై ఎనిమిది రూపాయలు. ఆవిడ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. తెల్లవారి కరెంటు బిల్లు బాకీ ఉందని హాలు మనిషి వచ్చాడు. కిరీటం వెండి కాదు, జర్మన్ సిల్వరని మద్రాసు వచ్చి చింతపండుతో తోమితే తెలిసింది.

అక్కడితో ఆగినా నవ్వుకుని మరిచిపోయేదాన్ని. ఆ నెలలోనే ఒక మంచి సంస్థ నుంచి ప్రొడక్షన్ మేనేజరు వచ్చాడు. కథానాయకుడి చెల్లెలి వేషం, నాలుగు మంచి సన్నివేశాలు. మాట దాదాపు అయిపోయింది. లేచి వెళ్లబోతూ గోడ మీద సన్మాన పత్రం చూసి, చదివి, చేతులు జోడించాడు. "ఇంత బిరుదున్న వారికి చెల్లెలి వేషం ఎలా ఇస్తామండీ? మీ స్థాయికి తగినది ఉంటే కబురు చేస్తాం" అన్నాడు. వెక్కిరించాడో మర్యాద చేశాడో ఈనాటికీ నాకు తెలియదు. కబురు మాత్రం రాలేదు. అటు వడ్డీ పెరుగుతోంది. కథ వినకుండానే మూడు సినిమాలకు అడ్వాన్సు తీసుకున్నాను. మూడింటిలోనూ క్లబ్బు డాన్సులే. ఆ గౌను వేసుకుని ఒక్కసారి పోస్టరు మీదకు ఎక్కాక, చీర కట్టే వేషానికి నన్ను ఎవరూ పిలవలేదు. డాన్సు తప్పని కాదు, బాగానే చేశాను. కానీ నేను చేద్దామని వచ్చింది అది కాదు కదా.

బిరుదులన్నీ ఇలాంటివేనని అనడం లేదు. శారదగారిది తెనాలి. ఆవిడ పేరు ముందున్న "ఊర్వశి" ఎవరో హాలు అద్దెకు తీసుకుని ఇచ్చింది కాదు. జాతీయ ఉత్తమ నటి పురస్కారానికి అప్పట్లో ఉన్న పేరే అది. తులాభారం, స్వయంవరం, నిమజ్జనం సినిమాలకు మూడుసార్లు తీసుకున్నారు. భానుమతిగారికి 1966లోనే పద్మశ్రీ వచ్చింది. ఆవిడ చూపు చాలు, పద్మశ్రీ అని ఎవరూ గుర్తు చేయనక్కరలేదు. అసలు పద్మ పురస్కారాలను పేరుకు ముందూ వెనకా తగిలించుకోకూడదని 1995లో సుప్రీంకోర్టే చెప్పింది. దేశం ఇచ్చిన దానికే ఆ నియమం ఉంటే, నువ్వు డబ్బు కట్టి తెచ్చుకున్న డాక్టరేటును టైటిల్సులో వేయించుకుంటావా? వేయించుకున్నావని నాకు తెలిసిందో, ఫోను చేసి మరీ తిడతాను. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, ప్రకటిస్తుంది, చూడు. విదేశాలదైతే అక్కడ పాఠాలు చెబుతున్నారో లేదో కనుక్కో. అన్నిటికంటే ముందు, శాలువా ఖర్చు ఎవరిదో అడుగు.

ఇంకొకటి. ఎవరో నిన్ను దేశంలోని అందగత్తెల జాబితాలో చేర్చారట. సంతోషమే. ముక్కు మాత్రం మా అమ్మది, జాబితా వేసినవాళ్లది కాదు. మాయాబజార్‌లో సావిత్రిగారి ముఖం మీది వెన్నెల చూశావా? 1957లో కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే తెప్పించిన వెన్నెల అది. నీ అందంలో కూడా సగం కెమెరామన్‌ది, దీపాలు మోసే కుర్రాళ్లది. పేర్లు తెలుసుకుని పలకరించు.

ఆ అందం చూసే కదా ముఖానికి రాసే క్రీము కంపెనీ వచ్చింది. ఏడు రోజుల్లో తెల్లబడతారని నీ నోట చెప్పిస్తామంటే ఒప్పుకోకు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు, ముందు విచారించుకోకుండా నటించిన వారిని కూడా బాధ్యులను చేయవచ్చు. పది లక్షల దాకా జరిమానా, ఏడాది దాకా ప్రకటనల్లో నటించకుండా నిషేధం. మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా. ఒప్పందం లాయరుకు చూపించు, మీ మామయ్యకు కాదు. ఆయన అన్నిటికీ సంతకం పెట్టమంటాడు. అయినా ఇవన్నీ పక్కన పెట్టు, మీ ముత్తవ్వ నీ కంటే రెండు ఛాయలు నలుపు. ఆవిడ వీధిలో నడిస్తే తలలు తిరిగేవి.

తిట్టాననుకోకు. నాకు ఆ రోజుల్లో ఇలా చెప్పే మనిషి లేదు. ఉన్న ఒక్క హెయిర్ డ్రెస్సర్ అక్క నా మొహం చూసి చెప్పలేకపోయింది.

గాజుల్లో రెండు వడ్డీ కింద మునిగిపోయాయి. మిగతా రెండూ 1974లో విడిపించాను. మా అమ్మ మళ్లీ వేసుకోనంది. నేనూ వేసుకోలేదు. నీకిద్దామని బీరువాలో ఉంచాను, సన్మానానికి కాదులే, ఇంట్లో వేసుకోవడానికి. పాత కాలపువి, నీ చేతికి వదులవుతాయేమో. వేళ్లు కలిపి పట్టి, కణుపుల దగ్గర దారంతో కొలిచి, ఆ దారం ముక్క కవరులో పెట్టి పంపు.

మీ పెద్దమ్మమ్మ