కంపెనీ కథలు వినడానికా ఇన్ని లక్షలు?

ప్రశ్న: మాది బరంపురం. అప్పడాలు, పచ్చళ్ళ వ్యాపారం. మా అమ్మాయి పదో తరగతి దాకా ఒడియా మీడియంలో చదివింది, ఇంట్లో తెలుగు. ఇప్పుడు భువనేశ్వర్‌లో ఎంబీఏ మొదటి ఏడాది. నోట్సు చెప్పరట. ఏదో కంపెనీ గురించి పదిహేను పేజీలు చేతికిచ్చి చదువుకు రమ్మంటారట. క్లాసులో మాట్లాడితేనే మార్కులట. చివరికి సారు కూడా జవాబు చెప్పడట. ఇంగ్లీషులో మాట్లాడాలంటే పిల్లకు టెన్షన్. మాన్పించి బ్యాంకు కోచింగ్‌లో చేర్చమంటారా?

జవాబు: ‘సారు కూడా జవాబు చెప్పడు’ అని మీరు ఫిర్యాదుగా రాశారు. ఆ పద్ధతిలోని కిటుకంతా అక్కడే ఉంది.

అమ్మాయి చేతికిచ్చిన ఆ పదిహేను పేజీలను కేస్ స్టడీ అంటారు. ఈ పద్ధతి వ్యాపారులది కాదు, వకీళ్ళది. చట్టాన్ని పుస్తకంలోంచి బట్టీ పెట్టించకుండా, కోర్టు తీర్పులు చదివించి వాదింపజేయడం 1870ల్లో హార్వర్డ్ లా స్కూలు మొదలుపెట్టింది. 1908లో పుట్టిన హార్వర్డ్ బిజినెస్ స్కూలు, 1920ల నాటికి దాన్నే వ్యాపార పాఠాలకు వాడుకుంది. 1961లో వాళ్ళ సహకారంతో అహ్మదాబాద్ ఐఐఎం ఏర్పడినప్పుడు మన దేశానికీ వచ్చింది.

మీకు బాగా తెలిసిన ఉదాహరణ చెబుతాను. 2015 జూన్‌లో మీ వీధి కిరాణా కొట్లలోంచి మ్యాగీ ప్యాకెట్లు మాయమయ్యాయి, గుర్తుందా? సీసం పరిమితికి మించి ఉందని, అట్ట మీద రాసిన మాట తప్పుదోవ పట్టించేలా ఉందని ఆహార భద్రతా సంస్థ పట్టుకుంది. మా పరీక్షల్లో అంతా సరిగ్గానే ఉందని మ్యాగీ తయారుచేసే నెస్లే కంపెనీ అంది. జనం నమ్మలేదు. ఇప్పుడు మీ అమ్మాయిని కంపెనీ పెద్ద కుర్చీలో కూర్చోబెడతారు. సరుకు వెనక్కి తెప్పించాలా, కోర్టుకెళ్ళి పోరాడాలా? తెప్పిస్తే దేశం నలుమూలల నుంచి వచ్చే ఆ ప్యాకెట్ల డబ్బు ఎవరు భరించాలి? ‘మా నూడుల్స్ మంచివే’ అని టీవీలో ప్రకటన ఇస్తే జనం వింటారా, ఇంకా మండిపడతారా? ఆగిపోయిన ఫ్యాక్టరీ కార్మికులకు ఏం చెప్పాలి?

మార్కెటింగ్ ఏది, ఫైనాన్స్ ఏది, లీడర్‌షిప్ ఏది అని విడదీయగలరా? పుస్తకంలో మూడు సబ్జెక్టులు, ఆ కుర్చీలో మాత్రం ఒకటే తలనొప్పి.

తర్వాత ఏమైందంటే, కంపెనీ సరుకు వెనక్కి తీసుకుని వేల టన్నులు సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లో కాల్పించింది. ఆ మూడు నెలల లెక్కల్లో 64 కోట్ల నష్టం చూపించింది. ఫిలిప్పీన్స్‌లో ఉన్న సురేశ్ నారాయణన్‌ను తెచ్చి పగ్గాలు అప్పగించింది. ఆగస్టులో బొంబాయి హైకోర్టు నిషేధాన్ని కొట్టేసి మళ్ళీ పరీక్షలు చేయించమంది. వాటిలో నెగ్గాక నవంబరులో మ్యాగీ తిరిగొచ్చింది. ఇదంతా ఎవరైనా ఫోన్‌లో వెతుక్కోవచ్చు. క్లాసులో అడిగేది మాత్రం ఆ జూన్ ఉదయం, అంతే సమాచారం చేతిలో ఉంటే నువ్వేం చేసేదానివని. దానికి సారు దగ్గర మాత్రం జవాబు ఎక్కడిది?

అయితే మీ అనుమానం పూర్తిగా తప్పని నేననను. నేను చూసిన ఒక కాలేజీలో సారు కేసును తెర మీద వేసి చదివి వినిపించి, ఆఖర్న ‘జవాబు రాసుకోండి’ అని డిక్టేషన్ ఇచ్చాడు. అలాంటిదైతే అవి మీరన్నట్టు కథలే. అమ్మాయిని రెండు సంగతులు అడగండి: క్లాసులో ఎదురు వాదిస్తే సారు వింటాడా, కేసులతో పాటు అకౌంట్స్ విడిగా గట్టిగా చెబుతున్నారా. రెండోది మరీ ముఖ్యం. బ్యాలన్స్ షీటు, అంటే కంపెనీ ఆస్తులు, అప్పుల పట్టిక, చదవడం రానివాళ్ళు ఫైనాన్స్ కేసులో కూర్చుంటే అది ఊసుపోక కబుర్లే.

ఆ విషయంలో మీ ఇంట్లోనే మంచి బడి ఉంది. లెక్క కోసం ఒక నెల అనుకుందాం. ఆరు లక్షల సరుకు అమ్మారు, అయిన ఖర్చు ఐదు లక్షలు. లాభం లక్ష. కానీ నాలుగు లక్షల సరుకు పర్లాకిమిడి, ఇచ్ఛాపురం కొట్లకు అరువు మీద వెళ్ళింది, డబ్బు వచ్చేది నెలన్నరకు. మినప్పప్పు షావుకారు మాత్రం రొక్కమే అంటాడు. నెలాఖరుకు చేతికొచ్చింది రెండు, పోయింది ఐదు. కాగితం మీద లక్ష లాభం, గల్లాలో మూడు లక్షల లోటు! వర్కింగ్ క్యాపిటల్ అని అమ్మాయి నాలుగు క్లాసులు వినే పాఠం ఇదే. మీరు దానితో ఏళ్ళ తరబడి కుస్తీ పడుతున్నారు, పేరు తెలియదంతే.

ఇంగ్లీషు సంగతి. పిల్ల తెలుగులో ఆలోచించి, ఒడియాలో లెక్క కట్టి, ఇంగ్లీషులో చెప్పాలి. భయం సహజం. కేసును ముందు రోజు రాత్రి హాస్టల్లో ఇద్దరు ముగ్గురితో తెలుగులోనో ఒడియాలోనో వాదించుకోమనండి. మొదటి పేజీ, చివరి పేజీ, పట్టికలు ముందు చూడాలి, మిగతాది ఆ తర్వాత. ఒక అంకె లెక్కగట్టి నోట్‌బుక్కులో రాసుకుని, క్లాసు మొదటి పది నిమిషాల్లోనే చెప్పేయాలి. ఆలస్యమయ్యే కొద్దీ ధారాళంగా మాట్లాడేవాళ్ళు అన్నీ చెప్పేస్తారు, గొంతు ఇంకా పూడుకుపోతుంది. అంకె చెప్పడానికి గొప్ప ఇంగ్లీషు అక్కర్లేదు.

బ్యాంకు కోచింగ్‌కు తొందరేమీ లేదు. పీవో, అంటే బ్యాంకు ఆఫీసరు పరీక్షలకు జనరల్ వాళ్ళకే ముప్పై ఏళ్ళ దాకా వయసుంది, ఎంబీఏ అయ్యాక కూడా రాయొచ్చు. కట్టిన ఫీజు వదులుకుని ఇప్పుడే మాన్పించకండి. అకౌంట్స్ అసలు చెప్పడం లేదని, కేసులంటే డిక్టేషనేనని తేలితే మళ్ళీ రాయండి, అప్పుడు వేరే మాట చెబుతాను.

ఈలోగా దసరాకు పిల్ల ఇంటికొచ్చినప్పుడు ఖాతా పుస్తకం ముందు పెట్టండి. బాగా బాకీ పడ్డ ముగ్గురిని చూపించి, వీళ్ళలో ఎవరికి సరుకు ఆపమంటావని అడగండి. ఒకరు పాత చుట్టం, ఒకరు పెద్ద ఆర్డరు ఇచ్చేవారు, ఒకరు ఎప్పుడూ ఆలస్యంగానైనా కట్టేవారు అయితే ఇంకా మంచిది. ఎవరి పేరు చెప్పినా వెంటనే ‘నీకేం తెలుసు’ అనకుండా, ఎందుకని మాత్రం అడిగి ఆగండి.