కూడిక, తీసివేత వచ్చినా పిల్లలు పద సమస్యల (మాటల్లో ఇచ్చే లెక్కల) దగ్గర ఎందుకు ఆగిపోతున్నారు?

చిక్కు చాలావరకు ప్రశ్న భాషలోనే ఉంటుంది. ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటి అయినవాళ్లకు, ఇంట్లో చదివి చెప్పే దిక్కు లేనివాళ్లకు ఇది మరీ ఎక్కువ. వాళ్లమీద 'మొద్దు' అని ముద్ర వేయడం అన్యాయం. చిక్కు ఎక్కడుందో తెలుసుకోవడానికి వరసగా ఇలా చేయండి:

1. 12 – 5 విడిగా ఇవ్వండి. 7 అని రాస్తే తీసివేత వచ్చినట్టే.

2. ప్రశ్న పైకి చదివించండి.

3. అందరూ వదిలేసేది ఇదే: అంకెలు మూసేసి, విషయం ఇంటి భాషలో చెప్పించండి.
"రవి దగ్గర 12 గోళీలున్నాయి. ఇవి సీత గోళీల కంటే 5 ఎక్కువ. సీత దగ్గర ఎన్ని?"
'ఎక్కువ' కనబడగానే కూడేసి 17 అంటారు. ఎవరి దగ్గర ఎక్కువున్నాయో ముందు చెప్పిస్తే 7 వస్తుంది. 'ఎక్కువ అంటే కూడిక' అనే చిట్కా మాత్రం నేర్పకండి, తప్పుకి మూలం అదే.

4. బొమ్మ గీయించి, ఆ తర్వాతే లెక్క చేయించండి.